చీల మోయాల్సిన బరువు కాదు



ఈసారి వడ్డీ రేట్ల జోలికీ, నామినేషన్ ఫారాల జోలికీ పోదలచుకోలేదు. పోయిన సంచికలో ఫిక్స్‌డ్ డిపాజిట్ల గురించి రెండు పేజీలు రాస్తే, మా ఇంట్లోనే ఎవరూ చదవలేదని తేలింది. అందుకని ఈసారి మా కారు సంగతి చెబుతాను. కారు ఇంజనుకు క్రాంక్ పుల్లీని సరిగ్గా ఎలా బిగించాలన్నది నేటి విషయం. బి.కామ్ చదివి, ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో లెడ్జర్లూ కంప్యూటర్లూ చూస్తున్న మనిషికి ఈ ఇనుప గొడవ ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. కాస్త ఓపికపడితే మీకే తెలుస్తుంది.

మాది కోయంబత్తూరులో సింగానల్లూరు వైపు. జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య ఒక్క బస్సుతో వ్యాపారం మొదలుపెట్టిన సీమ ఇది. ఇక్కడ వీధికో లేతు మిషను, సందుకో వర్క్‌షాపు. మా ఇళ్ళలో పిల్లలకు అక్షరాలు రాకముందే పానాల సైజులు వస్తాయని ఒక వేళాకోళం ఉంది. నాకు మాత్రం రాలేదు. అందుకే బ్యాంకుద్యోగిని అయ్యాను.

మా నాయన 1988లో ఒక అంబాసిడర్ కొన్నారు. 1984 మోడల్, మార్క్ 4, పెట్రోలు బండి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది గనుక ఇప్పటి పిల్లలకు దాని ముఖం తెలిసినా లోపలి సంగతి తెలియదు. ఆ పాత పెట్రోలు ఇంజను ఇంగ్లండులోని బి.ఎం.సి. కంపెనీవారి బి-సిరీస్ ఇంజను. 1489 సి.సి., నాలుగు సిలిండర్లు. బానెట్ ఎత్తి చూస్తే ముందు వైపు ఫ్యాను, దాని కింద ఇంజను అడుగున ఒక ఇనుప చక్రం కనిపిస్తాయి. ఆ చక్రమే క్రాంక్ పుల్లీ. పిస్టన్ల కిందామీదా ఊపును గుండ్రటి తిరుగుడుగా మార్చేది క్రాంక్ షాఫ్టు. దాని ముందు కొస ఇంజను గోడలోంచి బయటికి వచ్చే చోట ఈ పుల్లీ ఉంటుంది. దీనికి వేసిన బెల్టే ఫ్యానునూ, నీటి పంపునూ, కరెంటు పుట్టించే డైనమోనూ తిప్పుతుంది. అంటే పుల్లీ పని మానితే గాలీ లేదు, నీళ్ళూ తిరగవు, బ్యాటరీ చార్జీ కూడా కాదు.

ఈ పుల్లీని పట్టి ఉంచేవి రెండు. ఒకటి, ముందు నుంచి బిగించే పెద్ద నట్టు. దానికి పళ్ళుంటాయి. చలికి బండి మొరాయిస్తే బంపరులోని కన్నంలోంచి హాండిల్ దూర్చి తిప్పేది ఆ పళ్ళకు తగిలించే. రెండోది కంటికి కనబడదు. షాఫ్టు మీద చిన్న గాడి, పుల్లీ లోపల ఇంకో గాడి, రెంటికీ మధ్య అర్ధచంద్రాకారంలో ఒక ఉక్కు ముక్క. మా వర్క్‌షాపుల్లో దాన్ని హాఫ్‌మూన్ కీ అంటారు. మా నాయన మాత్రం చీల అనేవారు. ఎద్దుబండి ఇరుసుకు కొసన ఉండే చీల ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఇక 1996కు వద్దాం. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు, ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. జూన్‌లో మా చెల్లెలి పెళ్ళి. వారం ఉందనగా కారు నిలబెట్టిన చోటల్లా నూనె చుక్కలు కనిపించసాగాయి. పుల్లీ వెనక ఉండే ఆయిల్ సీలు పోయిందన్నారు. మా బండిని ఎప్పుడూ చూసే పెద్ద మేస్త్రి ఆ వారం ఊళ్ళో లేరు. నేను ఇంకో షెడ్డుకు తీసుకుపోయాను. పందిరివాడికి అడ్వాన్సు, వంటవాడికి సరుకుల పట్టీ, మధ్యలో ఈ కారు. అక్కడి కుర్రాళ్ళు రేడియేటర్ దించి, పుల్లీ లాగి, కొత్త సీలు వేశారు. తిరిగి బిగించే వేళకు ఆ పెద్ద నట్టుకు సరిపోయే సాకెట్టు దొరకలేదు. "సార్, సాకెట్టు సాయంత్రం వస్తుంది" అన్నారు వాళ్ళు. "సాయంత్రం దాకా నేను ఆగలేను, ఎలాగో బిగించేయండి" అన్నది నేను. ఉలి పెట్టి సుత్తితో నట్టు పళ్ళ మీద నాలుగు దెబ్బలు వేశారు. నట్టు కదలడం మానింది. "చాల్లే, బిగిసింది" అని డబ్బిచ్చి వచ్చేశాను. ఆ కుర్రాళ్ళ తప్పెంతో నాకు తెలియదు గానీ, నా తప్పు మాత్రం నాకు తెలుసు.

పెళ్ళి బాగా జరిగింది. కారు పందిరికీ రైల్వే స్టేషనుకూ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. పెళ్ళయ్యాక మెల్లగా ఒక శబ్దం మొదలైంది. బండి నిలబెట్టి ఇంజను తిరుగుతున్నప్పుడు టక్ టక్ టక్ మని. వేగం అందుకుంటే వినిపించేది కాదు. వినిపించని శబ్దం లేనట్టే అనుకున్నాను. వినిపించినప్పుడు టేప్‌రికార్డరు గొంతు కాస్త పెంచాను.

జూలైలో ఆడి నెల వచ్చింది. ఆంధ్రలో మీరు ఆషాఢానికి చేసే మర్యాద ఇక్కడ మేము ఆడికి చేస్తాం. కొత్త పెళ్ళికూతుర్ని పుట్టింటికి తీసుకురావడానికి నాయనా, అమ్మా, నేనూ పొల్లాచ్చి వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో కిణత్తుక్కడవు దగ్గర డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. ఇంకో నిమిషానికి వేడి ముల్లు పైకి పాకింది. బండి ఆపి బానెట్ ఎత్తాను. బెల్టు పుల్లీ మీద లేదు. పుల్లీ ఒక పక్కకు ఒరిగి ఉంది. చేత్తో పట్టుకుంటే వదులైన పన్నులా అటూ ఇటూ ఆడింది. అంత సేపూ నన్ను పిలిచిన టక్ టక్ అదే.

మధ్యాహ్నం ఎండలో, పట్టుచీరలో, సారె గంపలతో మా చెల్లెలు రోడ్డు పక్క చింతచెట్టు కింద రెండు గంటలు కూర్చుంది. చివరికి ఒక వ్యాను దొరికితే ఆడవాళ్ళను ఎక్కించి పంపాం. నాయనా నేనూ ఒక లారీకి తాడు కట్టించుకుని ఊరు చేరాం. దారి పొడుగునా నాయన ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మరునాడు ఆదివారం. పెద్ద మేస్త్రి స్వయంగా వచ్చారు. నాయన ఈడువారే. నట్టు ఆయన వేళ్ళతోనే ఊడివచ్చింది. పుల్లీ లాగి, ఆ కీని తీసి నా అరచేతిలో పెట్టారు. నలుచదరంగా ఉండాల్సిన అంచులు నమిలిన చెరకులా ఉన్నాయి. పుల్లీ లోపలి గాడి వెడల్పయి నోరు తెరిచింది. షాఫ్టు గాడి అంచు కూడా కొద్దిగా లేచింది. "ఇంకో యాభై మైళ్ళు పోయుంటే షాఫ్టు గాడి పూర్తిగా పోయేది అబ్బయ్యా. అప్పుడు ఇంజను మొత్తం దించాల్సిందే" అన్నారు.

నేను తెలివిగా అడిగాననుకున్నాను. "అయితే ఈ కీని ఇంకా గట్టి ఉక్కుతో చెయ్యొచ్చు కదా మేస్త్రీ?"

ఆయన నవ్వారు. "కీ బరువు మొయ్యడానికి కాదు అబ్బయ్యా, చోటు చూపించడానికి. పుల్లీ ఇక్కడే కూర్చోవాలని చెప్పడం దాని పని. బరువు మోసేది నట్టు బిగువు."

తరువాత ఆయన వివరించినదీ, ఆ పైన నేను పుస్తకాల్లో చదివినదీ కలిపి చెబుతాను. నట్టును తగినంత బిగిస్తే పుల్లీని వెనక్కి నొక్కుతుంది. పుల్లీ వెనక ఆయిల్ త్రోయర్ అనే రేకు, దాని వెనక టైమింగ్ గేరు, దాని వెనక షాఫ్టు భుజం. ఇవన్నీ ఒకదానికొకటి గట్టిగా అదుముకుని ఒకే ముక్కలా తిరుగుతాయి. తిప్పే బలం ఆ ఒరిపిడి ద్వారా పోతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో షాఫ్టు ఒక్క చుట్టు తిరిగేసరికి రెండుసార్లు మంట అంటుకుంటుంది. నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగితే నాలుగు వేల కుదుపులు. నట్టు వదులైతే ఆ కుదుపులన్నీ ఆ చిన్న కీ మీదే పడతాయి. కీ అరుగుతుంది, అరుగుతూ గాడినీ అరగదీస్తుంది. కీ మీద పెట్టిన బరువు కీతో ఆగదన్నమాట.

ఆ రోజు మేస్త్రి పని చేసిన వరస నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పాత బండ్లు ఉంచుకున్నవారికి పనికివస్తుందని రాస్తున్నాను.

మొదట శుభ్రం. షాఫ్టు కొస, పుల్లీ బోలు, నట్టు మరలు అన్నీ పెట్రోలుతో కడిగి గుడ్డతో తుడిచారు. ఒకదానికొకటి ఆనే ముఖాల మధ్య ఇసుక రేణువంత మురికి ఉన్నా పుల్లీ వంకరగా కూర్చుంటుంది. షాఫ్టు గాడి అంచున లేచిన పొక్కును సన్నాకురాయితో పొదుపుగా దించారు. పాత పుల్లీని పక్కనపెట్టి కొత్తది తెప్పించారు. కొత్త కీని గాడిలో పెట్టి, మెత్తటి సుత్తితో తట్టి, వెనకా ముందూ ఎగుడుదిగుడు లేకుండా కూర్చుందో లేదో వేలితో తడిమి చూశారు. వదులుగా ఉంటే ఆ కీ పనికిరాదన్నారు.

తరువాత సీలు. సీలు పెదవి ఇంజను లోపలి వైపు, అంటే నూనె ఉన్న వైపు చూడాలి. ఆయిల్ త్రోయరుకు కూడా ముందూ వెనకా ఉంటాయి. ఈ ఇంజనులో ఎఫ్ అక్షరం ఉంటే అది మన వైపు, బయటికి కనబడాలి. పుల్లీ మెడ మీద పాత సీలు ఒరిసి గీత పడి ఉంటే, ఎంత కొత్త సీలు వేసినా నూనె కారడం తప్పదు. కాబట్టి ఆ మెడ అద్దంలా ఉందో లేదో చూసుకోవాలి.

ఇప్పుడు అసలు కిటుకు. షెడ్డు కుర్రాళ్ళు ముందు టైమింగ్ కవరు బోల్టులన్నీ బిగించి, ఆ తరువాత పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కించారు. మేస్త్రి అలా చేయలేదు. పుల్లీ మెడకు శుభ్రమైన ఇంజను నూనె రాసి, సీలులోకి మెల్లగా తిప్పుతూ దించారు. కవరు బోల్టులు వేళ్ళతో తిప్పినంత వదులుగానే ఉన్నాయి. గాడి కీకి ఎదురుగా వచ్చిందాకా చూసుకుని పుల్లీని అరచేతులతో నెట్టారు. అప్పుడు కవరు తనంత తాను పుల్లీకి నడిమధ్యకు సర్దుకుంది. అది సర్దుకున్నాకే బోల్టులు ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించారు. "దాన్ని కూర్చోనివ్వాలి అబ్బయ్యా, కూర్చోబెట్టకూడదు" అన్నారు. పుల్లీ తేలిగ్గా పోకపోతే ఏదో అడ్డం ఉందని అర్థం. నట్టుతో లాగించడం, సుత్తితో కొట్టడం రెండూ తప్పే. సుత్తి దెబ్బ పుల్లీ అంచుకు తగిలితే చక్రం వంకరపోతుంది. షాఫ్టు కొసకు తగిలితే లోపలి బేరింగులకు చేటు.

చివరికి నట్టు. నట్టు కింద లాక్ వాషరు ఉంటుంది. దాన్ని ఒకసారి వంచి విప్పాక మళ్ళీ వాడకూడదు. మా బండిలో పాతదే వేశారు. దాని చెవి అప్పటికే విరిగి ఉంది. మేస్త్రి కొత్తది వేసి, బండిని టాప్ గేరులో పెట్టించి, హాండ్ బ్రేకు లాగించి, ఫుట్ బ్రేకు మీద నన్ను కూర్చోబెట్టారు. షాఫ్టు తిరగకుండా ఉండాలి కదా. ఆ పైన సాకెట్టుతో, కొలత చూపే టార్క్ పానాతో బిగించారు. ఈ బి-సిరీస్ ఇంజను పుల్లీ నట్టుకు 70 ఫుట్-పౌండ్ల బిగువు కావాలి. మా బ్యాంకువాళ్ళ భాషలో చెప్పాలంటే, అడుగు పొడుగు పానా కొసన దాదాపు 32 కిలోల బలం. రెండడుగుల పానా అయితే అందులో సగం. ఆ లెక్క రాగానే పానా టక్కుమంది, ఆయన ఆగిపోయారు. లాక్ వాషరు చెవిని నట్టు పక్కకు వంచారు.

ఇక పరీక్ష. గేరు తీసి, స్పార్క్ ప్లగ్గులు విప్పి, హాండిల్‌తో ఇంజనును నాలుగు చుట్లు తిప్పారు. పుల్లీ అంచు పక్కన ఒక పుల్ల పట్టుకుని, చక్రం పుల్లకు ఎక్కడైనా దగ్గరై ఎక్కడైనా దూరమవుతోందా అని చూశారు. తేడా లేదు. పుల్లీ మీది గంటు కవరు మీది ములుకులకు ఎదురుగా వచ్చే చోటు సరిచూశారు. ఇంజను టైమింగ్ పెట్టేది ఆ గంటును నమ్మే. కీ అరిగితే ఆ గంటు కూడా అబద్ధం చెబుతుంది. తరువాత బెల్టు వేసి, పొడుగైన వైపు నడుమ బొటనవేలితో నొక్కితే అరంగుళం కిందికి దిగేలా సర్దారు.

ఇదంతా అయ్యేసరికి సాయంత్రం నాలుగు. నాయన పొద్దున్నుంచీ అరుగు మీదే కూర్చుని చూస్తున్నారు. అరిగిపోయిన పాత కీని చేతిలో తిప్పుతూ ఉన్నట్టుండి అన్నారు. "మేస్త్రీ, నేనూ ఇలాంటి చీలనే."

మేస్త్రికి అర్థం కాలేదు. నాకైంది.

మా నాయనకు వరసకు తమ్ముడు, మాకు చిన్నాయన, 1989లో గ్రైండర్లు తయారుచేసే చిన్న యూనిట్ పెట్టారు. అప్పుకు నాయన హామీ సంతకం చేశారు. చిన్నాయన చెడ్డవాడు కాదు. పనివాడే. కానీ సరుకు అమ్మిన డబ్బు చేతికి వచ్చినప్పుడు కిస్తీ కట్టమని అడిగిన మనిషి లేడు. వదులుగా వదిలేశారు. వదులైన కొద్దీ కుదుపులన్నీ నాయన మీదికి వచ్చాయి. రెండెకరాలు అమ్మి, 1995 దాకా ఆయనే కట్టారు. మా చెల్లెలి పెళ్ళి రెండేళ్ళు వెనక్కి పోయింది కూడా అందుకే. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనుకోలేదు. పెళ్ళికి చిన్నాయన తన చేత్తో చేసిన గ్రైండరు ఒకటి తెచ్చి కానుకగా పెట్టారు. నాయన మాట్లాడకుండా అందుకున్నారు. ఆ ఆదివారం అన్న ఒక్క మాటే ఆ విషయంలో నేను ఆయన నోట విన్నది.

అప్పటికి నేను బ్యాంకులో అప్పుల సెక్షన్‌లో పనిచేస్తున్నాను. హామీదారు సంతకం ఉందా లేదా అని చూసి ఫైలు పైకి పంపడమే నాకు తెలిసిన పని. హామీదారుకు ఆస్తి ఎక్కువుంటే నాకు నిద్ర బాగా పట్టేది. మరునాడు సోమవారం ఆఫీసుకు పోయి నా బల్ల మీది ఫైళ్ళు మళ్ళీ తెరిచాను. వాటిలో రెంటిలో అప్పు తీసుకునేవారి ఆదాయం కాగితం మీద కూడా కిస్తీకి చాలదు. హామీదారును చూసి వాటిని సరేనన్నది నేనే. ఆ రెండూ వెనక్కి పంపాను. మేనేజరుగారు కోప్పడ్డారు. ఆయన తప్పు లేదు. చట్టం ఆయన పక్షమే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారుదీ అంతే. వసూలుకు అది చాలు. కానీ బరువు చీల మీద పడ్డాక వసూలు చేయడం వేరు, పడకుండా నట్టు బిగించడం వేరు.

అప్పటి నుంచీ నా ముందు హామీ సంతకానికి కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఒక మాట చెబుతూ వచ్చాను. "కాగితం చదవండి. మీరు సాక్షి సంతకం చేయడం లేదు, అప్పు మీ నెత్తిన కూడా రాసుకుంటున్నారు. అతను నెలనెలా కడుతున్నాడా లేదా అని అడిగే చనువు మీకు ఉంటేనే చేయండి." కొందరు లేచి వెళ్ళిపోయారు. ఒకాయన తన బావమరిది ముందే లేచి వెళ్ళాడు. ఇంట్లో పెద్ద గొడవైందట. నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోనీ.

నాయన 2011లో పోయారు. పెద్ద మేస్త్రి అంతకు ముందే పోయారు. బండి మాత్రం షెడ్డులో ఉంది. మొన్న మళ్ళీ సీలు కారుతుంటే మా మేనల్లుడు వచ్చాడు. ఆ రోజు చింతచెట్టు కింద కూర్చున్న చెల్లెలి కొడుకే. ఇంజనీరింగ్ చదివాడు. "మామా, ఇప్పటి కార్లలో ఇంకా జాగ్రత్త కావాలి" అని చెప్పాడు. చాలా ఇంజన్లలో పుల్లీ ఒకే ముక్క కాదట. లోపలొక చక్రం, బయటొక చక్రం, మధ్య రబ్బరు. షాఫ్టు వణుకును ఆ రబ్బరు తాగుతుంది. బయటి అంచు పట్టుకుని లాగితే రబ్బరు తెగుతుంది. కొన్నిటికి బోల్టు ఒకసారి విప్పితే మళ్ళీ కొత్తదే వేయాలి. ముందు లెక్క ప్రకారం బిగించి, ఆ పైన ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటుంది. నూనె రాసి బిగించాలా, పొడిగానా అన్నది కూడా ఆ బండి మాన్యువల్ చెప్పినట్టే చేయాలి. ఎందుకంటే మరకు నూనె తగిలితే అదే లెక్కకు నట్టు ఎక్కువ బిగుస్తుంది. మా బండి 70 మీ బండికి కుదరదు. మీ మాన్యువల్ చూసుకోండి.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. కొన్ని ఫోర్డ్, మాజ్దా ఇంజన్లలో అసలు కీయే లేదట! పుల్లీతోపాటు టైమింగ్ గేరు కూడా ఒక్క బోల్టు బిగువు మీదే నిలబడుతుంది. తెలియక ఆ బోల్టు వదులు చేస్తే టైమింగ్ జరిగిపోయి, వాల్వులూ పిస్టన్లూ ఒకదాన్నొకటి ఢీకొంటాయి. అందుకే ముందుగా షాఫ్టునూ కామ్‌షాఫ్టులనూ వాటి పనిముట్లతో కదలకుండా పట్టి ఉంచి మరీ విప్పాలి. చీల లేని బండి అన్నమాట. నాయన ఉంటే సంతోషించేవారు.

పుల్లీ ఎక్కించాక మేనల్లుడు టార్క్ పానా నా చేతికిచ్చాడు. ఆరునెలల్లో రిటైరయ్యేవాణ్ణి కాకపోయినా మోకాళ్ళు అప్పటికే సెలవు అడుగుతున్నాయి. అయినా నేల మీద కూర్చుని లాగాను. టక్కుమంది. "ఇంకొంచెం బిగించనా?" అన్నాను.

"వద్దు మామా, లెక్క చాలు" అన్నాడు.

మా చెల్లెలింట్లో చిన్నాయన ఇచ్చిన గ్రైండరు ఇంకా తిరుగుతోంది. మొన్న వెళ్ళినప్పుడు ఇడ్లీ పిండి రుబ్బుతుంటే కూర్చుని విన్నాను. టక్ టక్ ఏమీ లేదు. మీ ఇంట్లో బండిగానీ, మిషనుగానీ అలా పిలుస్తుంటే టేప్‌రికార్డరు గొంతు పెంచకండి. వచ్చే సంచికలో మళ్ళీ వడ్డీ రేట్లే. దయచేసి చదవండి.